పక్కింటి బుజ్జి ఎందుకు పలికింది? తనని తాను పిలుచుకునే ఫంక్షన్ కథ

ఈ రోజు ఎపిసోడ్ చరిత్ర గురించే. కానీ చరిత్రలోకి వెళ్లేముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పు చేయకపోయి ఉంటే ఈ చరిత్ర జోలికి నేను వచ్చేవాణ్ణే కాదు.

మా అక్క పెళ్లయిన నెలకి తన ఫోన్ స్టోరేజ్ నిండిపోయింది. ఫోన్ నా చేతికిచ్చి, "ఫోటోలన్నీ నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్ ఖాళీ చేసి ఇవ్వరా" అంది. మౌస్‌తో లాగి పడేస్తే అయిపోయే పని. కానీ అప్పుడే నేను స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. స్కీమ్ అంటే లిస్ప్ కుటుంబంలో పుట్టిన భాష. కొత్తగా ఈత వచ్చినవాడికి కనిపించిన ప్రతి కాలవలోనూ దూకాలనిపిస్తుంది కదా! నాకూ అలాగే, ఈ పనికి ఒక ప్రోగ్రాం రాద్దామనిపించింది.

ప్రోగ్రాం చాలా చిన్నది. ఒక ఫోల్డర్ తీసుకో. అందులో ఫోటో కనిపిస్తే కాపీ చెయ్. ఇంకో ఫోల్డర్ కనిపిస్తే, దాని మీద కూడా ఇదే పని మళ్లీ చెయ్. "ఇదే పని మళ్లీ" అన్నాను చూడండి, అక్కడే ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటుంది. దీన్నే రికర్షన్ అంటారు. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్ ఎంత లోతు ఉన్నా సరే, ఈ నాలుగు లైన్లే చాలు.

ముందుజాగ్రత్తగా ఒక ట్రయల్ వెర్షన్ రాశాను. దాని పేరు "కాపీ". అది నిజంగా ఏదీ కాపీ చేయదు. ఫోల్డర్లన్నీ తిరిగి ఫోటోల పేర్లు మాత్రం స్క్రీన్ మీద చూపిస్తుంది. సరిగ్గా తిరుగుతోందని నమ్మకం కుదిరాక అసలు వెర్షన్ రాశాను. ఇది ఫోటోని కాపీ చేసి, పేరు కూడా చూపిస్తుంది. దీన్ని ఒక పెద్ద ఫంక్షన్ లోపల, లోకల్‌గా పెట్టాను. పేరు మాత్రం అదే, "కాపీ". పాతదాన్ని చెరిపేయలేదు. లోకల్ అంటే ఆ నాలుగు గోడల మధ్యే పనిచేసే పేరు కదా, బయట అదే పేరుతో ఇంకొకటి ఉంటే మనకేంటి అనుకున్నాను.

రన్ చేశాను. పేర్లన్నీ వరసగా స్క్రీన్ మీద పరిగెత్తాయి. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. హాయిగా ఫోన్ ఖాళీ చేసి అక్కకి ఇచ్చేశాను.

వారం తర్వాత అక్క ఫోన్. "ఒరేయ్, తలంబ్రాల ఫోటోలు ఏవిరా? అప్పగింతలవీ లేవు."

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే పై ఫోల్డర్‌లో ఉన్న ఫోటోలన్నీ ఉన్నాయి. లోపలి ఫోల్డర్లలోవి ఒక్కటీ లేదు. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన ఆల్బమ్ వేరే ఉందిలెండి. కానీ ఇవి ఇంట్లోవాళ్లు, చుట్టాలు తీసినవి. అప్పగింతలప్పుడు మా నాన్న పందిరి గుంజ పట్టుకుని ఏడుస్తున్న ఫోటో ఒకటుంది. అది ఏ ఆల్బమ్‌లోనూ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ప్రోగ్రాం మళ్లీ చదివాను. తప్పు ఒక్క మాటలో ఉంది. లెట్‌రెక్ అని రాయాల్సిన చోట లెట్ అని రాశాను. అంతే. స్కీమ్ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాస్తే, నేను రాసింది ఇలా ఉంటుంది:

(లెట్ ((కాపీ (లాంబ్డా (ఫోల్డర్) ... (కాపీ లోపలి-ఫోల్డర్) ...)))
 (కాపీ అక్క-ఫోన్))

ఇందులో "కాపీ" అనే మాట మూడుసార్లు వచ్చింది. మొదటిది పేరు పెట్టడం. చివరిది ఆ పేరుతో పిలవడం. ఆ రెండిటికీ గొడవ లేదు. గొడవంతా మధ్యలో ఉన్న దానితోనే.

ఎందుకో చెప్తాను. మన ఇళ్లలో చూడండి, ప్రతి ఇంట్లోనూ ఒక బుజ్జి ఉంటుంది. మా ఇంట్లో "బుజ్జీ" అంటే మా బుజ్జే వస్తుంది. పక్కింట్లో వాళ్ల బుజ్జి వస్తుంది. లోకల్ పేరు అంటే ఇదే. ఇప్పుడు ఊహించుకోండి, మా ఇంట్లో పాప పుట్టింది, ఇంకా బారసాల కాలేదు, పేరు పెట్టలేదు. ఆ సమయంలో ఎవరో "బుజ్జీ" అని కేకేశారు. ఎవరు పలుకుతారు? కిటికీలోంచి కేక విని పక్కింటి బుజ్జి పరిగెత్తుకొస్తుంది.

లెట్ చేసే పని సరిగ్గా ఇది. లెట్ ముందు ఫంక్షన్‌ని తయారుచేస్తుంది, ఆ తర్వాతే పేరు పెడుతుంది. ఫంక్షన్ తయారవుతున్నప్పుడు లోపల ఉన్న "కాపీ" అనే మాటకి, ఇంట్లో ఇంకా ఆ పేరు గలవాళ్లెవరూ లేరు. అందుకని బయట ఉన్న పాత "కాపీ"కి ముడిపడిపోయింది. పై ఫోల్డర్‌ని కొత్త ఫంక్షన్ చూసుకుంది, నిజంగా కాపీ చేసింది. లోపలి ఫోల్డర్ రాగానే పని పక్కింటి బుజ్జి చేతికి పోయింది. ఆ బుజ్జి పేర్లు చదవడం తప్ప ఇంకేమీ చేయదు. పేర్లన్నీ కనిపించాయి, ఫోటోలు రాలేదు. బయట ఆ పేరుతో ఏదీ లేకపోయి ఉంటే కనీసం ఎర్రర్ వచ్చేది, నేను బతికిపోయేవాణ్ణి.

అప్పుడు నాకు ఒకటే ప్రశ్న. ఒక ఫంక్షన్ తనని తాను పిలుచుకోవడం ఇంత మామూలు విషయం కదా, దానికోసం విడిగా ఒక మాట ఎందుకు పెట్టారు? దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే 1958లో తేలాను.

1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ అనే గణిత శాస్త్రవేత్త లిస్ప్ పని మొదలుపెట్టాడు. 1960 ఏప్రిల్‌లో దాని గురించి ఒక పేపర్ ప్రచురించాడు. పేపర్ పేరులోనే "రికర్సివ్ ఫంక్షన్లు" అనే మాట ఉంది. అంటే రికర్షన్ ఆ భాషకి తర్వాత తగిలించిన హంగు కాదు, ప్రాణమే అది.

ఫంక్షన్లని రాయడానికి ఆయనకి ఒక పద్ధతి కావాల్సొచ్చింది. అలోంజో చర్చ్ అనే తర్కశాస్త్రవేత్త 1930లలో తయారుచేసిన లాంబ్డా కాలిక్యులస్ నుంచి లాంబ్డా అనే గుర్తుని తీసుకున్నాడు. లాంబ్డా గొప్పతనం ఏంటంటే, పేరు పెట్టకుండానే ఫంక్షన్ రాయొచ్చు. "ఎక్స్ ఇస్తే ఎక్స్ ప్లస్ ఒకటి ఇచ్చేది" అని చెప్తే చాలు, అదే ఫంక్షన్. కానీ అదే చిక్కు కూడా. పేరే లేని ఫంక్షన్ తనని తాను ఏమని పిలుచుకుంటుంది?

మెకార్తీ పేపర్‌లో వర్గమూలం కనుక్కునే ఉదాహరణ ఇచ్చాడు. ఒక అంచనా తీసుకో. దగ్గరగా ఉంటే అదే జవాబు. లేకపోతే అంచనాని కొంచెం సరిచేసి, ఇదే ఫంక్షన్‌కి మళ్లీ ఇవ్వు. ఈ "ఇదే ఫంక్షన్" అనే మాటని వట్టి లాంబ్డాతో చెప్పడం ఎలా? చెప్పలేం, లాంబ్డా ఒక్కటే సరిపోదు అని ఆయన ఆ పేపర్‌లోనే రాశాడు. అందుకని ఇంకో గుర్తు చేర్చాడు. దాని పేరు లేబుల్.

లేబుల్‌కి రెండు ముక్కలు ఇస్తాం: ఒక పేరు, ఒక ఫంక్షన్. ఈ ఫంక్షన్ లోపల ఈ పేరు ఎక్కడ కనిపించినా, మొత్తం ఈ ఫంక్షన్ అనే అర్థం చేసుకో అని దాని భావం. లోపలివాళ్లకి తప్ప బయటివాళ్లకి ఆ పేరుతో పనిలేదు. అంటే లోకల్ రికర్సివ్ ఫంక్షన్ లిస్ప్‌తో పాటే పుట్టింది, మొదటి పేపర్‌లోనే ఉంది!

ఈ లేబుల్ ఆలోచన మెకార్తీది కాదు. ఐ.బి.ఎం.లో పనిచేసిన నథానియల్ రోచెస్టర్‌ది. ఐ.బి.ఎం. 701 కంప్యూటర్ రూపశిల్పుల్లో ముఖ్యుడు ఆయన. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" అనే పేరుతో 1956లో డార్ట్‌మత్‌లో జరిగిన సమావేశం గురించి వినే ఉంటారు. దాన్ని ప్రతిపాదించిన నలుగురిలో మెకార్తీ, రోచెస్టర్ ఇద్దరూ ఉన్నారు.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్‌కి మారాడు. అక్కడ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఒకరు అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి రాజ్ రెడ్డి. 1966లో డాక్టరేట్ అందుకున్నారు, మాటల్ని గుర్తుపట్టే కంప్యూటర్ల మీద పనిచేశారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మెకార్తీ లిస్ప్ మొదలుపెట్టిన 1958లోనే రాజ్ రెడ్డి గారు మద్రాసు గిండీ కాలేజీలో ఇంజినీరింగ్ పూర్తిచేశారు. ఈ చరిత్ర మనకి మరీ అంత దూరంది కాదని చెప్పడానికే ఇది.

సరే, మళ్లీ లేబుల్ దగ్గరికి వద్దాం. తర్వాత ఒక తమాషా జరిగింది. డేవిడ్ పార్క్ అనే ఆయన వచ్చి, లేబుల్ అవసరమే లేదు, లాంబ్డా ఒక్కటే చాలు అని చూపించాడు. చర్చ్ పద్ధతిలోనే దానికి దారి ఉంది. మెకార్తీ తర్వాత 1978లో లిస్ప్ చరిత్ర రాసినప్పుడు ఈ విషయం ఒప్పుకున్నాడు. చర్చ్ పుస్తకంలో లాంబ్డా గుర్తు తప్ప మిగతాది తనకి అర్థం కాలేదని కూడా దాచుకోకుండా రాశాడు. కంప్యూటర్ సైన్స్‌లో అంత పెద్దాయన అలా రాయడం చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది, నిజంగా.

ఆ దారి ఏంటంటే, పేరు లేకపోతే పోనీ, మనిషినే చేతిలో పెట్టేయడం. మన కాపీ ఫంక్షన్‌కి ఫోల్డర్ ఒక్కటే కాదు, "లోపలి ఫోల్డర్ వస్తే ఎవరికి ఇవ్వాలి" అనేది కూడా రెండో వస్తువుగా ఇస్తాం. మొదటిసారి పిలిచేటప్పుడు దానికి దాన్నే ఇస్తాం. అది లోపలికి వెళ్లేటప్పుడు తన చేతిలో ఉన్న తననే మళ్లీ ముందుకి పంపిస్తుంది. పేరుతో పిలవడం అనే మాటే రాదు. ఈ ఉపాయాన్ని శుభ్రంగా ఒక సూత్రంలా రాస్తే దాన్నే వై కాంబినేటర్ అంటారు. తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కరీ పేరుతో ముడిపడి ఉంది అది.

ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? 2005లో పాల్ గ్రాహం వాళ్లు మొదలుపెట్టిన వై కాంబినేటర్, స్టార్టప్‌లకి పెట్టుబడి పెట్టే సంస్థ. పాల్ గ్రాహం పాత లిస్ప్ ప్రోగ్రామర్. ఆ పేరు ఇక్కడి నుంచే పెట్టారు. స్టార్టప్ పెట్టాలని కలలు కనే మన కుర్రాళ్లలో చాలామందికి ఆ సంస్థ తెలుసు, ఆ పేరు వెనక ఉన్న ఈ చిన్న ఫంక్షన్ తెలియదు.

అయితే రోజువారీ ప్రోగ్రాంలో అలా చేతిలో చెయ్యి పెట్టి పంపడం విసుగు పుట్టిస్తుంది. చదివేవాళ్లకీ కష్టమే. కాబట్టి లేబుల్ లాంటిది ఉండాల్సిందే. మరి మొదటి పేపర్‌లోనే పరిష్కారం ఉంటే, కథ అక్కడే అయిపోవాలి కదా? అవ్వలేదు. ఎందుకంటే పాత లిస్ప్‌లో పేరుని వెతికే పద్ధతే వేరు.

మెకార్తీ పేపర్‌లో ఇవాల్ అనే ఫంక్షన్ ఉంది. లిస్ప్‌లో రాసిన దేన్నైనా చదివి లెక్కకట్టే ఫంక్షన్ అది. మెకార్తీ దాన్ని కాగితం మీద సిద్ధాంతం కోసమే రాశాడు. ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రసెల్ మాత్రం, దీన్ని మెషిన్‌లోకి ఎక్కిస్తే పోలే అని ఐ.బి.ఎం. 704 మీద చేతితో కోడ్ రాసి నడిపించేశాడు. అలా లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ పుట్టింది.

ఆ ఇంటర్‌ప్రెటర్ దగ్గర పేర్ల జాబితా ఒకటి ఉంటుంది. కొత్త పేరు వచ్చినప్పుడల్లా పైన పెడుతుంది. ఎవరినైనా వెతకాలంటే పైనుంచి చూసుకుంటూ వస్తుంది. అంటే ఆ క్షణంలో ఆ పేరుతో ఎవరు ఆఖరుగా వచ్చారో వాళ్లే పలుకుతారు. పుట్టిన ఇల్లు ఏదైనా సరే. దీన్ని డైనమిక్ స్కోప్ అంటారు.

ఇక్కడో విచిత్రం చూడండి. ఆ పద్ధతిలో అయితే నా తప్పు ప్రోగ్రాం సరిగ్గా పనిచేసేది! ఎందుకంటే లోపలి ఫోల్డర్ వచ్చే సమయానికి జాబితాలో అందరికన్నా పైన ఉన్నది నా కొత్త "కాపీ"యే కదా. అది చదివినప్పుడు, మరి ఆ పద్ధతిని ఎందుకు వదిలేశార్రా బాబూ అని తిట్టుకున్నాను.

ఎందుకంటే ఆ పద్ధతి ఇంకోచోట కొంప ముంచింది. జేమ్స్ స్లాగల్ అనే ఆయన లిస్ప్‌లో ఒక రికర్సివ్ ఫంక్షన్ రాశాడు. కొమ్మలు కొమ్మలుగా ఉన్న లిస్ట్‌లో ఏదో వెతికే ఫంక్షన్. ఒకవైపు వెతుకుతూ, "ఇటు దొరకకపోతే అటు వెతుకు" అని ఇంకో చిన్న ఫంక్షన్‌ని చేతికిచ్చి లోపలికి పంపుతాడు. ఆ చిన్న ఫంక్షన్ గుర్తుపెట్టుకోవాల్సింది బయటి ఎక్స్. కానీ తీరా దాన్ని పిలిచే సమయానికి జాబితాలో పైన ఉన్నది లోపలి ఎక్స్. దానికి అదే దొరికింది. జవాబు తప్పింది. స్లాగల్ ఫిర్యాదు చేశాడు. మెకార్తీ ఇదేదో చిన్న బగ్, రసెల్ సరిచేసేస్తాడులే అనుకున్నాడట. రసెల్, పాట్రిక్ ఫిషర్ కలిసి ఫునార్గ్ అనే అతుకు వేశారు. కానీ అది చిన్న బగ్ కాదు. పేరు ఎవరిది అనే మూల ప్రశ్న. అది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ లోపు లిస్ప్ రాసేవాళ్లు మామూలుగా ఫంక్షన్లన్నిటినీ బయట, అందరికీ కనిపించేలా డిఫైన్ చేసుకునేవాళ్లు. బయట పెడితే తనని తాను పిలుచుకోవడం సులువే. కానీ పెద్ద ప్రోగ్రాంలో ఇద్దరు ఒకే పేరు పెడితే ఒకరిది ఇంకొకరిది తుడిచేస్తుంది. ఊరంతటికీ ఒకే బుజ్జి ఉండాలంటే కుదురుతుందా చెప్పండి?

1975కి వద్దాం. మళ్లీ ఎం.ఐ.టి.యే. జెరాల్డ్ సస్‌మన్, ఆయన విద్యార్థి గై స్టీల్. అక్కడే ఉన్న కార్ల్ హ్యూయిట్ చెప్పే యాక్టర్ల సిద్ధాంతం వాళ్లకి సరిగ్గా అంతుపట్టలేదు. అర్థం చేసుకోవడానికి ఒక చిన్న లిస్ప్ రాసి చూద్దాం అనుకున్నారు. అందులో పేర్ల విషయంలో కొత్త నియమం పెట్టారు: ఫంక్షన్ ఎక్కడ పిలవబడిందో కాదు, ఎక్కడ పుట్టిందో అక్కడి పేర్లే దానికి చెల్లుతాయి. పుట్టిన ఇంటి పేర్లని వెంట పెట్టుకునే తిరుగుతుంది. దీన్ని లెక్సికల్ స్కోప్ అంటారు. స్లాగల్ చిక్కు దీంతో మాయమైపోయింది. రాసి చూశాక ఇంకో సంగతి తెలిసింది, యాక్టర్లు, ఇలాంటి ఫంక్షన్లు వాళ్ల ఇంటర్‌ప్రెటర్‌లో దాదాపు ఒకటే అని.

దానికి స్కీమర్ అని పేరు పెట్టబోయారు. అక్కడి కంప్యూటర్‌లో ఫైల్ పేరుకి ఆరు ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. ఏడో అక్షరం ఎగిరిపోయి స్కీమ్ అయింది. మొదటి రిపోర్ట్ 1975 డిసెంబర్‌లో వచ్చింది.

ఇప్పుడు అసలు మలుపు చూడండి. పేరుకి పుట్టిల్లు ఖాయం చేయగానే, 1960 నాటి పాత చిక్కు మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫంక్షన్ పుట్టే సమయానికి ఇంట్లో ఉన్న పేర్లే చెల్లుతాయంటే, అప్పటికి దాని సొంత పేరే ఇంట్లో లేదే! పాత పద్ధతిలో అనుకోకుండా పనిచేసేది, సరైన పద్ధతిలో పనిచేయడం మానేసింది. అంటే సరైన నియమం కావాలంటే, తనని తాను పిలుచుకునేదానికి విడిగా ఏర్పాటు చేసుకోవాలి. నా ప్రశ్నకి జవాబు ఇదే.

సస్‌మన్, స్టీల్‌లకి ఇది తెలుసు. అందుకే ఆ మొదటి రిపోర్ట్‌లోనే లేబుల్స్ అని పెట్టారు. రోచెస్టర్ మాటే, బహువచనంలో. బహువచనం ఎందుకంటే, ఒక్క ఫంక్షన్ తనని పిలుచుకోవడమే కాదు, రెండు ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే సందర్భాలూ ఉంటాయి. సంఖ్య సరా, బేసా అని చూసే ఉదాహరణ తీసుకోండి. సున్నా అయితే సరి. కాకపోతే ఒకటి తగ్గించి, అది బేసా అని పక్కవాడిని అడుగు. పక్కవాడు ఇంకొకటి తగ్గించి, ఇది సరా అని మళ్లీ మనల్నే అడుగుతాడు. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియాలి, అదీ ఒకేసారి.

ఎలా చేస్తారు? బారసాల ముందే జరిపించేస్తారు. ముందు ఖాళీ డబ్బాలు పెట్టి వాటి మీద పేర్లు రాస్తారు. డబ్బాలో ఇంకా ఏమీ లేదు, పేరు మాత్రం ఉంది. తర్వాత ఫంక్షన్లని తయారుచేస్తారు. వాటి లోపల ఉన్న పేర్లు ఆ డబ్బాలకే ముడిపడతాయి, పక్కింటికి పోవు. చివరిగా ఏ ఫంక్షన్‌ని ఆ డబ్బాలో పెట్టేస్తారు. పిలిచే సమయానికి డబ్బా నిండి ఉంటుంది. పని అయిపోయింది.

దీనివల్ల ఇంకో లాభం కూడా వచ్చింది. ఫంక్షన్ చేసే ఆఖరి పని తనని తాను పిలుచుకోవడమే అయితే, వెనక్కి తిరిగి రావాల్సిన పనేమీ ఉండదు, నేరుగా దూకేయొచ్చు. మెమరీ పెరగదు. స్టీల్ 1977లో దీని మీద ఒక పేపర్ రాశాడు, 1978లో రాబిట్ అనే కంపైలర్ రాసి చూపించాడు. దాంతో స్కీమ్‌లో లూప్ అనేదే ఒక లోకల్ రికర్సివ్ ఫంక్షన్ అయిపోయింది. నేమ్డ్ లెట్ అని రాస్తారు, లెట్ పక్కనే ఒక పేరు పెడితే లూప్ తయారు.

తర్వాత దారులు చీలాయి. 1984లో స్టీల్ రాసిన పుస్తకంతో కామన్ లిస్ప్ బయటికి వచ్చింది. అందులో లోకల్ ఫంక్షన్లకి రెండు మాటలు: ఎఫ్‌లెట్, లేబుల్స్. ఎఫ్‌లెట్‌లో ఫంక్షన్‌కి తన పేరు తెలియదు, లేబుల్స్‌లో తెలుసు. స్కీమ్ వాళ్లు లేబుల్స్ మాట వదిలేసి లెట్‌రెక్ అన్నారు. ఆ "రెక్" అంటే రికర్సివ్. బ్రిటన్‌కి చెందిన పీటర్ లాండిన్ 1966 నాటి తన పేపర్‌లోనే ఇలాంటి చోట "రెక్" అని గుర్తు పెట్టేవాడు. 1986 నాటి స్కీమ్ రిపోర్ట్‌లో లెట్, లెట్‌రెక్ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నేను తప్పుగా ఎంచుకున్నది ఆ రెంటిలోనే.

మరి లెట్ పనికిమాలినదా? కాదు. కొన్నిసార్లు మనకి పక్కింటి బుజ్జే కావాలి. బయట ఉన్న పాత "కాపీ"ని పిలుస్తూనే, దానికి ముందు తేదీ రాసే కొత్త "కాపీ" కావాలనుకోండి. అప్పుడు లోపలి పేరు బయటిదానికే వెళ్లాలి. లెట్, ఎఫ్‌లెట్ అందుకే ఉన్నాయి. ఎవరు కావాలో చెప్పాల్సిన బాధ్యత రాసేవాడిది. భాష రెండు మాటలు ఇచ్చింది, నేను ఒకటి ఎంచుకున్నాను, చూసుకోకుండా.

మీలో పైథాన్, జావాస్క్రిప్ట్ రాసేవాళ్లకి ఈ గొడవ ఎప్పుడూ ఎదురై ఉండదు. ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ రాస్తే, అది తన పేరుతో తనని పిలుచుకోగలదు. అక్కడ మీకు తెలియకుండానే లెట్‌రెక్ లాంటి ఏర్పాటు ఉంది. ఓకామెల్, ఎఫ్ షార్ప్ లాంటి భాషల్లో ఇప్పటికీ లెట్ పక్కన రెక్ అని మీరే రాయాలి. క్లోజర్‌లో లెట్‌ఎఫ్ఎన్ ఉంది. ఈమాక్స్ ఎడిటర్‌లో ఉండే లిస్ప్ అయితే ఏళ్ల తరబడి పాత డైనమిక్ పద్ధతిలోనే నడిచింది. లెక్సికల్ స్కోప్ దానికి 2012లో వచ్చింది, అంటే స్కీమ్ పుట్టిన 37 ఏళ్లకి.

ఫోటోల సంగతి అడుగుతారు కదా. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడి ప్రతి పెద్దమ్మనీ, అత్తనీ, బావనీ బతిమాలాను. చాలావరకు తిరిగొచ్చాయి, క్వాలిటీ తగ్గి. నాన్న ఫోటో మా చిన్నత్త ఫోన్‌లో దొరికింది. కాస్త మసకగా ఉంది, కానీ ఉంది. తలంబ్రాలవి మాత్రం సగమే. అక్క క్షమించింది, బావ మాత్రం ఇప్పటికీ తన ఫోన్ నా చేతికి ఇవ్వడు.

ఇక మీకు చిన్న హోంవర్క్. ఫోన్‌లోనే ఆన్‌లైన్ స్కీమ్ ఎడిటర్ ఏదైనా తెరవండి. ఫాక్టోరియల్ అనే పేరుతో బయట ఒక దొంగ ఫంక్షన్ పెట్టండి, ఏ సంఖ్య ఇచ్చినా 100 అనే చెప్పేది. తర్వాత లోపల లెట్‌తో అదే పేరుతో నిజమైన ఫాక్టోరియల్ రాసి 5 ఇవ్వండి. ఆ తర్వాత లెట్ తీసేసి లెట్‌రెక్ పెట్టి మళ్లీ 5 ఇవ్వండి. ఒకసారి 120 వస్తుంది, ఒకసారి 500 వస్తుంది. 500 వచ్చినప్పుడు, ఆ 100 ఎవరు చెప్పారో మీకే తెలిసిపోతుంది.

జాగ్రత్తగా ఉండండి, ఫోటోలు బ్యాకప్ తీసుకోండి, తీసుకున్నాక లోపలి ఫోల్డర్లు కూడా తెరిచి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.